ఇద్దరూ కలిసి విదేశానికి: విజయవాడ, గుంటూరు దంపతులు రెండేళ్ల ముందు నుంచి చూసుకోవలసిన పనులు

మన కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో విదేశీ ప్రయాణానికి చాలాకాలంగా ఒకే పద్ధతి అలవాటైంది. అబ్బాయి ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్తాడు, ఉద్యోగంలో కుదురుకుంటాడు, సంక్రాంతికో వేసవికో వచ్చి పెళ్లి చేసుకుని భార్యను వెంట తీసుకువెళ్తాడు. పెళ్లయి, ఇద్దరూ ఇక్కడే ఉద్యోగాలు చేసుకుంటూ, ముప్పై ఏళ్లకు అటూఇటూ వయసులో కెనడాకో ఆస్ట్రేలియాకో శాశ్వత నివాసం మీద వెళ్లాలనుకునే దంపతులకు ఆ పద్ధతి పనికిరాదు. ఆ దేశాలు పాయింట్ల లెక్కన మనుషులను ఎంచుకుంటాయి, ఆ లెక్కలో భార్యాభర్తలిద్దరి చదువు, భాష, వయసు, అనుభవం కలిసే తూగుతాయి. కాబట్టి ఇది ఇద్దరి పేరా నడవవలసిన పని. ఒకరు నడిపించి మరొకరు సంతకాలు పెట్టే పని కాదు. ఈ వ్యాసంలో ప్రధానంగా కెనడా, కొంతమేరకు ఆస్ట్రేలియా పద్ధతులను తీసుకున్నాను. అంకెలు ఏటా మారుతుంటాయి గనుక దరఖాస్తు పెట్టే వారంలో ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లలో మరొకసారి సరిచూసుకోవాలి.

దరఖాస్తు ఎవరి పేరు మీద?

మొదట తేల్చుకోవలసింది ఇదే. చాలా ఇళ్లలో ఈ ప్రశ్న పుట్టదు కూడా. భర్త పేరు మీద పెట్టేసి, భార్యను డిపెండెంట్ గడిలో వేస్తారు. ఈ అలవాటు వల్ల ఎంత నష్టం జరుగుతుందో ఒక లెక్క వేసి చూద్దాం.

కెనడాలో 2015 జనవరి నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే విధానం నడుస్తోంది. అందులో అభ్యర్థులకు 1,200 పాయింట్ల వరకు ఇచ్చే ర్యాంకింగ్ ఉంటుంది. ఒక జంటను ఊహించుకుందాం. భర్తకు 33 ఏళ్లు, బీటెక్ చదివాడు, పదేళ్ల అనుభవం ఉంది, ఆంగ్ల పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ కెనడా కొలమానంలో 8వ స్థాయి వచ్చింది. భార్యకు 30 ఏళ్లు, ఎంటెక్ చదివింది, మూడేళ్లు దాటిన అనుభవం ఉంది, నాలుగు విభాగాల్లోనూ 9వ స్థాయి వచ్చింది. భర్తను ప్రధాన దరఖాస్తుదారుగా పెడితే అతని వయసుకు 80, చదువుకు 112, భాషకు 88, చదువు, అనుభవం భాషతో కలిసి తెచ్చే అదనపు పాయింట్లు 38, భార్య తరఫున చదువుకు 10, భాషకు 20, మొత్తం 348. అదే భార్యను ప్రధాన దరఖాస్తుదారుగా పెడితే వయసుకు 95, చదువుకు 126, భాషకు 116, అదనపు పాయింట్లు 100, భర్త తరఫున చదువుకు 8, భాషకు 12, మొత్తం 457. మనుషులు మారలేదు, పత్రాలు మారలేదు. పేర్లు అటుది ఇటు చేసినందుకే 109 పాయింట్ల తేడా వచ్చింది.

ఈ తేడాలో పెద్ద వాటా 8వ స్థాయికీ 9వ స్థాయికీ మధ్య ఉన్న మెట్టుదే. ఐఈఎల్టీఎస్ జనరల్ పరీక్షలో ఆ 9వ స్థాయి అందుకోవాలంటే వినడంలో 8, చదవడం, రాయడం, మాట్లాడటంలో ఒక్కొక్క దానిలో 7 రావాలి. మూడింటిలో బాగా తెచ్చుకుని రాయడంలో 6.5 దగ్గర ఆగిపోయినవారు ఆ అర బ్యాండు కోసం మళ్లీ పరీక్ష రాయడం దండగ అనుకుంటారు గాని, పై లెక్క చూస్తే ఆ రుసుము చాలా గిట్టుబాటైన ఖర్చని తెలుస్తుంది.

అలాగని 457 వస్తే దరఖాస్తు పెట్టమనే పిలుపు ఖాయమని అనుకోకూడదు. ఎక్కువ పాయింట్లు ఉన్నవారిని ఎంచి ఈ పిలుపులు పంపే విడతలను డ్రాలు అంటారు; 2024లో జరిగిన సాధారణ డ్రాలలో కటాఫ్ 500 పైనే ఉంది. కెనడాలోని రాష్ట్ర ప్రభుత్వాల నామినేషన్ దొరికితే 600 పాయింట్లు కలుస్తాయి గనుక ఆ దారిని కూడా ముందే చూసుకోవాలి. కెనడా కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్‌కు ఉండిన అదనపు పాయింట్లను 2025 మార్చిలో తీసేశారు. ఇంకా ఆ పాయింట్ల ఆశ చూపి ఆఫర్ లెటర్లు అమ్మజూపేవారు ఉంటే అక్కడి నుంచి లేచి రావడం మంచిది. మరొక దారి ఫ్రెంచ్. ఫ్రెంచ్ వచ్చినవారికి వేరే డ్రాలు తీస్తున్నారు, వాటిలో కటాఫ్ చాలా దిగువన ఉంటోంది. 2025 మార్చిలో ఒక డ్రాలో అది 379కి దిగింది. ఫ్రెంచ్‌లో నాలుగు విభాగాల్లోనూ 7వ స్థాయి తెచ్చుకోవడం మూణ్ణెల్ల ముచ్చట కాదు. రోజుకు రెండు గంటల చొప్పున ఏడాదికి పైగా కూర్చోగలిగినవారికే అది సాధ్యం. దంపతుల్లో ఆ ఓపిక ఎవరికి ఎక్కువ ఉందో మీకే తెలుస్తుంది, వారికి ఇంటి పని తగ్గించడం రెండోవారి వంతు.

వయసు సంగతి ఇక్కడే చెప్పాలి. జంటగా దరఖాస్తు పెట్టేవారికి 29 ఏళ్ల వరకు వయసుకు పూర్తిగా 100 పాయింట్లు ఉంటాయి, ఆ తరువాత ప్రతి పుట్టినరోజుకూ ఐదు చొప్పున తగ్గుతాయి, 40 దాటాక పది చొప్పున తగ్గి 45కు సున్నా అవుతాయి. ఆస్ట్రేలియాలో 25 నుంచి 32 ఏళ్ల వారికి 30 పాయింట్లు, 33 నిండగానే 25, 40 నిండగానే 15 అవుతాయి, 45 నిండితే ఆ తలుపే మూసుకుపోతుంది. అందుకని ఇద్దరి పుట్టినరోజులనూ క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుని వాటి నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి.

ఆస్ట్రేలియా లెక్కలో జీవిత భాగస్వామి పాత్ర ఇంకా సూటిగా కనిపిస్తుంది. భాగస్వామికి 45 ఏళ్లలోపు వయసు, తగిన ఆంగ్లం, వృత్తి నైపుణ్య మదింపు మూడూ ఉంటే 10 పాయింట్లు, ఆంగ్లం మాత్రమే ఉంటే 5, ఏదీ లేకపోతే సున్నా. ఒంటరి అభ్యర్థికి మాత్రం ఏమీ లేకుండానే 10 ఇస్తారు. ఇది చూసి పెళ్లిని దాచిపెడదామనే సలహా ఇచ్చేవారు కూడా ఉన్నారు. తప్పుడు సమాచారం ఇచ్చినట్లు తేలితే ఆస్ట్రేలియా మూడేళ్లు, కెనడా ఐదేళ్లు తలుపు మూసేస్తాయి. అంతకంటే ఘోరమేమంటే, మొదటి దరఖాస్తులో చూపించని భార్యనో భర్తనో బిడ్డనో తరువాత కుటుంబ స్పాన్సర్‌షిప్ మీద తెచ్చుకోవడానికి కెనడా నిబంధనలు సాధారణంగా ఒప్పుకోవు.

గడువు లేని పత్రాలు ముందు, గడువున్నవి తరువాత

ఎక్కువ మంది ఉత్సాహంగా మొదట ఐఈఎల్టీఎస్ కోచింగ్‌లో చేరి పరీక్ష రాసేస్తారు, ఆ తరువాత డిగ్రీ పత్రాల వేటలో పడతారు. ఈ వరుస తలకిందులైనది. కెనడాకు భాషా పరీక్ష ఫలితం రెండేళ్లే చెల్లుతుంది, ఆస్ట్రేలియాకు మూడేళ్లు. విద్యార్హతల మదింపు, అంటే మన డిగ్రీ అక్కడి ఏ చదువుకు సమానమో తేల్చే నివేదిక, కెనడాకు ఐదేళ్లు చెల్లుతుంది. పెళ్లి ధ్రువపత్రానికి, మార్కుల మెమోలకు, ఒరిజినల్ డిగ్రీకి గడువే లేదు. పోలీసు క్లియరెన్స్, వైద్య పరీక్ష నెలల్లోనే పాతబడతాయి. కనుక ఎప్పటికీ చెల్లే వాటితో మొదలుపెట్టి, త్వరగా పాతబడేవాటిని చివరికి ఉంచుకోవాలి.

మొదటి పని ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ. మన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో చాలామంది ప్రొవిజనల్ సర్టిఫికెట్ పట్టుకుని ఉద్యోగంలో చేరిపోతారు, ఒరిజినల్ డిగ్రీకి దరఖాస్తు పెట్టే సంగతే మరిచిపోతారు. పదేళ్ల తరువాత దాని అవసరం వచ్చినప్పుడు పరుగు మొదలవుతుంది. ఈ ప్రాంతపు ఇంజనీరింగ్ కళాశాలల్లో ఎక్కువ భాగం కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్నాయి. ట్రాన్స్‌క్రిప్టులు, అంటే విశ్వవిద్యాలయం ధ్రువీకరించి ఇచ్చే మార్కుల పత్రాలు, అక్కడి నుంచే రావాలి. నాగార్జున విశ్వవిద్యాలయం పట్టభద్రులకు విజయవాడ, గుంటూరు రెండూ దగ్గరే గనుక కొంత సుఖం. ఎక్కడైనా సరే, ట్రాన్స్‌క్రిప్టులు విశ్వవిద్యాలయమే నేరుగా మదింపు సంస్థకు పంపవలసి రావచ్చు కాబట్టి ఆ సంస్థ పెట్టిన షరతులను చదివి, వారు ఇచ్చిన రిఫరెన్సు నంబరుతోనే దరఖాస్తు పెట్టాలి. సప్లిమెంటరీలో గట్టెక్కిన సబ్జెక్టుల మెమోలన్నీ వరుసగా పేర్చుకోవాలి. ఒక్కటి పోయినా డూప్లికేటు రావడానికి నెలలు పడుతుంది.

తరువాత పేర్లు. మన ఇంటిపేర్ల వల్ల వచ్చే తంటా మరొకరికి అర్థం కాదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో ఒక్క అక్షరంగా ఉంటుంది, పాన్ కార్డులో చివరికి వస్తుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉన్నవారికి కొన్ని దేశాల వీసాల మీద అసలు పేరుండవలసిన చోట ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అనే మూడు అక్షరాలు పడతాయి, తరువాత బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా అదే పేరుగా వెంటపడుతుంది. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని ఇద్దరి పాస్‌పోర్టులను ముందే సరిచేయించుకోవాలి. పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం కెనడాలోగాని ఆస్ట్రేలియాలోగాని లేదు. చదువు పత్రాలన్నీ పుట్టింటి ఇంటిపేరు మీదే ఉంటాయి గనుక మార్చకుండా ఉంచడమే ఈ పనికి మేలని నా అభిప్రాయం. ఇంకొక చిన్న చిక్కు: 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగాక, పాత పత్రాల్లో గుంటూరు జిల్లా నరసరావుపేట అని ఉన్నది ఇప్పుడు పల్నాడు జిల్లాలోకి, కృష్ణా జిల్లా విజయవాడ అని ఉన్నది ఎన్టీఆర్ జిల్లాలోకి మారాయి. దరఖాస్తులో పుట్టిన ఊరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాసి, అవసరమైతే ఒక వివరణ లేఖ జతచేస్తే సరిపోతుంది. దీనికోసం పాత పత్రాలు మార్చుకోనక్కర్లేదు.

పెళ్లి రిజిస్ట్రేషన్‌ను ఆలస్యం చేయకండి. గుళ్లో ఇచ్చిన రసీదు, కల్యాణ మండపం బిల్లు ధ్రువపత్రాలు కావు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించుకునేటప్పుడు ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టు అక్షరక్రమంలోనే రాయించాలి. శుభలేఖలు రెండు మూడు దాచుకోండి, పెళ్లి ఫొటోల్లో ఇరువైపుల పెద్దలూ కనిపించేవి కొన్ని పక్కన పెట్టుకోండి.

అనుభవ ధ్రువపత్రం

దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మన చిన్న కంపెనీలు, ఆసుపత్రులు, కళాశాలలు ఇచ్చే రిలీవింగ్ లెటర్‌లో చేరిన తేదీ, మానిన తేదీ, భవిష్యత్తు బాగుండాలన్న ఒక వాక్యం తప్ప మరేమీ ఉండదు. కెనడా అధికారికి కావలసింది వేరు. లెటర్‌హెడ్ మీద హోదా, చేసిన పనుల వివరణ, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, సంతకం చేసినవారి పేరు, హోదా, ఫోను నంబరు ఉండాలి. వారానికి 30 గంటల లెక్కన ఏడాదికి 1,560 గంటలు పనిచేస్తే ఒక సంవత్సరపు అనుభవంగా తీసుకుంటారు. చేసిన పనుల వివరణ కెనడా వృత్తుల పట్టికలో మీరు ఎంచుకున్న సంకేతానికి పొంతన కుదరాలి. హోదా పేరు కంటే అసలు ఏ పని చేశారన్నదే ముఖ్యం. అయితే పట్టికలోని వాక్యాలను యథాతథంగా దింపితే అనుమానానికి తావిచ్చినవారవుతారు. మీ పనిని మీ మాటల్లోనే రాయించుకోవాలి.

నా పాత సంస్థ ఒకటి ఇలాంటి లేఖ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. తమ పద్ధతిలో ఒక్క పేజీ నమూనానే ఉందన్నారు. అప్పటికే పై అధికారిగా పనిచేసి మానేసిన ఒకాయన నోటరీ చేయించిన వాంగ్మూలం ఇచ్చారు. దానికి నియామక పత్రం, జీతం చీటీలు, ఫారం 16, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి పెట్టవలసి వచ్చింది. ఇలాంటి సందర్భం ఎవరికైనా రావచ్చు గనుక ఉద్యోగం మానేటప్పుడే, మంచి సంబంధాలు ఉన్నప్పుడే లేఖ తీసుకోవడం తెలివైన పని. జీతం నగదుగా తీసుకుంటున్నవారు ఈ నెల నుంచే బ్యాంకు ద్వారా తీసుకోవాలి. లేని అనుభవాన్ని కొని తెచ్చుకోవడం గురించి పైన చెప్పిన ఐదేళ్ల నిషేధం గుర్తుంచుకుంటే చాలు.

లైసెన్సు కావలసిన వృత్తులు

గుంటూరు ప్రాంతంలో ఫార్మసీ కళాశాలలు, నర్సింగ్ కళాశాలలు ఎన్నో ఉన్నాయి గనుక దంపతుల్లో ఒకరు ఫార్మసిస్టో, నర్సో, దంతవైద్యులో, వైద్యులో కావడం మామూలే. వీరికి పీఆర్ (శాశ్వత నివాసం) రావడం వేరు, అక్కడ ఆ వృత్తి చేసే లైసెన్సు రావడం వేరు. కెనడాలో ఫార్మసిస్టు కావాలంటే పత్రాల మదింపు, ఆ తరువాత మదింపు పరీక్ష, అది దాటాక రెండు భాగాల అర్హత పరీక్ష, ఆపైన ఉండదలచిన రాష్ట్రపు షరతులు ఉంటాయి. ఆస్ట్రేలియాలో విదేశీ ఫార్మసిస్టులకు 2025లో కాప్స్ స్థానంలో వచ్చిన ఓప్రా అనే పరీక్ష ఉంది. వీటిలో పత్రాల మదింపును ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. అలా చేయకుండా అక్కడికి వెళ్లాక చూద్దామనుకున్నవారు మొదటి రెండేళ్లు దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడవలసి వస్తుంది. ఆ పనిలో తప్పేమీ లేదు గాని, ఇక్కడ పదేళ్లు గౌరవంగా చేసిన వృత్తి చేజారుతుందన్న బాధ ఇంట్లో పోట్లాటగా మారుతుంది. అందుకే లైసెన్సు పొందేదాకా ఎవరి జీతం మీద ఇల్లు గడుస్తుంది, చదువుకునేవారికి ఎన్ని నెలలు ఇస్తారు అన్నది ప్రయాణానికి ముందే, అంకెలు వేసుకుని మాట్లాడుకోవాలి.

డబ్బు

కెనడాకు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలోని ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ దారిలో వెళ్లేవారు స్థిరపడటానికి చాలినంత డబ్బు చూపించాలి. 2025 జూలైలో సవరించిన లెక్క ప్రకారం ఇద్దరు సభ్యుల కుటుంబానికి 19,001 కెనడా డాలర్లు కావాలి. భాగస్వామి వెంట రాకపోయినా కుటుంబ సభ్యుల లెక్కలో ఉంటారు. ఇక్కడే మన అలవాట్లకు, వారి నిబంధనకు పొంతన కుదరదు. మన కుటుంబాల డబ్బు పొలంలో, ఫ్లాటులో, బంగారంలో, చిట్టీల్లో ఉంటుంది. స్థలం విలువ చూపించడానికి వీల్లేదు, అప్పు తెచ్చి చూపించడానికీ వీల్లేదు. డబ్బు ఖాతాలో ఉండాలి, ఆరు నెలల సగటు నిల్వతో బ్యాంకు లేఖ ఇవ్వాలి. చిట్టీ పాడుకున్న డబ్బు, మిర్చి అమ్మిన డబ్బు, నాన్నగారు ఇచ్చిన డబ్బు ఏదైనా సరే, ఆరు నెలలకు ముందే ఖాతాలో పడేలా చూసుకుని, దాని మూలం చెప్పే కాగితం ఉంచుకోవాలి. తల్లిదండ్రులు ఇచ్చినదైతే తిరిగి ఇవ్వనక్కర్లేదని తెలిపే గిఫ్ట్ డీడ్ రాయించాలి.

డబ్బు పంపేటప్పుడు రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 అమెరికా డాలర్ల వరకు పంపవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు ముందుగా పన్ను పట్టుకుంటుంది. చదువు, వైద్యం కాని అవసరాలకు అది 20 శాతం. రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది గాని అప్పటిదాకా ఆ డబ్బు చేతికి రాదు. ఈ 10 లక్షల పరిమితి పాన్ కార్డుకు ఒకటి గనుక భార్యాభర్తలు తమ తమ ఖాతాల నుంచి విడివిడిగా పంపుకుంటే, ఆర్థిక సంవత్సరం మారే మార్చి, ఏప్రిల్ నెలలకు అటూ ఇటూ విభజించుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

ఇక్కడ వదిలి వెళ్లేవి

పొలం ఉన్నవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ప్రవాస భారతీయులైన తరువాత వ్యవసాయ భూమి కొనడానికి వీలుండదు. ఉన్నది ఉంచుకోవచ్చు, వారసత్వంగా పొందవచ్చు. అన్నదమ్ముల పంపకాలు, పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మార్పు మిగిలి ఉంటే ఇక్కడ ఉండగానే పూర్తిచేసుకోవాలి. నమ్మకమైనవారికి జీపీఏ (మన తరఫున వ్యవహరించే అధికార పత్రం) ఇవ్వదలిస్తే అది కూడా ఇక్కడే రిజిస్టరు చేయించడం తేలిక. అక్కడి నుంచి ఇస్తే భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలను ప్రవాసులకు ఉండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలుగా మార్పించుకోవాలి. పీఎఫ్‌ను మాత్రం శాశ్వతంగా విదేశానికి వెళ్తున్నామన్న కారణం చూపి తీసుకోవచ్చు.

పొలం కంటే బరువైన విషయం తల్లిదండ్రులు. ఇద్దరికి నలుగురు పెద్దవాళ్లు, వారిలో ఒకరికి బీపీ, ఒకరికి మోకాళ్లు, ఒకరికి చూపు. వారిని త్వరలోనే శాశ్వతంగా తీసుకువెళ్తామని మాట ఇవ్వకండి, ఎందుకంటే కెనడాలో తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్‌కు ఎదురుచూపు ఎక్కువ, పిలుపు వస్తుందో లేదో కూడా చెప్పలేం. తల్లిదండ్రులు వచ్చి ఉండటానికి ఇచ్చే సూపర్ వీసా మీద మాత్రం ఒక్క రాకకు ఐదేళ్ల వరకు ఉండనిస్తారు, ఆరోగ్య బీమా తప్పనిసరి. ఇక్కడ ఉండిపోయేవారి ఆరోగ్య బీమాను ప్రయాణానికి చాలా ముందే తీసుకోవాలి, ఎందుకంటే అప్పటికే ఉన్న జబ్బులకు వర్తించడానికి పాలసీల్లో నిరీక్షణ కాలం ఉంటుంది. రాత్రి రెండు గంటలకు ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఇరువైపుల అమ్మానాన్నలకూ ఒక్కొక్క పేరు చెప్పగలగాలి.

కన్సల్టెన్సీలు

బెంజి సర్కిల్ దగ్గరా, బ్రాడీపేటలోనూ బోర్డులకు కొదవ లేదు. ఈ పనులన్నీ మనమే చేసుకోవచ్చు. ఎవరి సహాయమైనా తీసుకుంటే కెనడాకు అక్కడి ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్ల నియంత్రణ సంస్థ (పేరులో కాలేజ్ అని ఉంటుంది) రిజిస్టరులో, ఆస్ట్రేలియాకు వలస ఏజెంట్లను నమోదు చేసే మారా రిజిస్టరులో ఆ వ్యక్తి పేరు ఉందో లేదో చూసుకోవాలి. ఖాతా పాస్‌వర్డు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వారి చేతిలో పెట్టకూడదు.

పిలుపు వచ్చాక

పిలుపు వచ్చిన రోజు నుంచి పూర్తి దరఖాస్తుకు 60 రోజులే గడువు. పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా ఇద్దరికీ పోలీసు క్లియరెన్స్ తీసుకోవాలి. ఉద్యోగరీత్యా మరో దేశంలో ఆరు నెలలకు మించి ఉన్నవారు ఆ దేశపు క్లియరెన్స్‌కు కూడా వెంటనే దరఖాస్తు పెట్టాలి. వైద్య పరీక్షలు ఆ ప్రభుత్వం ఆమోదించిన వైద్యుల వద్దే చేయించుకోవాలి. గర్భిణికి ఛాతీ ఎక్స్‌రే ప్రసవం దాకా వాయిదా వేసుకునే వీలుంది గాని ఫైలు కూడా అంతవరకు ఆగుతుంది. మధ్యలో బిడ్డ పుడితే వెంటనే తెలియజేసి, పాపకు పాస్‌పోర్టు తీసి, డబ్బు లెక్కను ముగ్గురికి సరిచేయాలి.

పిలుపు చూసి ఉద్యోగాలకు రాజీనామా చేయకండి. పీఆర్ నిర్ధారణ పత్రం చేతికి వచ్చాక నోటీసు ఇస్తే సరిపోతుంది. ఆ పత్రం మీద ఉన్న తేదీ సాధారణంగా వైద్య పరీక్ష గడువునో పాస్‌పోర్టు గడువునో బట్టి ఉంటుంది గనుక ఇద్దరి పాస్‌పోర్టులకూ తగినంత గడువు ఉందేమో ముందే చూసుకోవాలి. ప్రధాన దరఖాస్తుదారు ముందుగా లేదా కలిసి దిగాలి; భాగస్వామి ముందుగా దిగడానికి వీల్లేదు. దిగిన తరువాత ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలి కాబట్టి ఒకసారి దిగి వెనక్కి వచ్చి ఇక్కడి ఉద్యోగం కొనసాగించాలనుకునేవారు ఆ రోజులను లెక్కపెట్టుకోవాలి.

చివరగా బంగారం. పెళ్లినాటి నగలు వెంట తీసుకువెళ్లేవారు ఒక్కొక్క నగకు ఫొటో, బరువు, విలువ కట్టించిన కాగితం సిద్ధం చేసుకుని, దిగే రోజు కెనడా కస్టమ్స్ వారికి ఇచ్చే జాబితాలో నమోదు చేయించాలి. తరువాత విడిగా రాబోయే సామాను ఉంటే దానికి రెండో జాబితా అదే రోజు ఇవ్వాలి. అమ్మ దగ్గర లాకర్‌లో ఉంచి వచ్చే నగలను కూడా ఆ రెండో జాబితాలో రాయించుకుంటే మరుసటి ప్రయాణంలో తెచ్చుకున్నప్పుడు సుంకం గురించి వాదించుకోవలసిన పని ఉండదు.